నలభై నిమిషాల దూరం

మా సంఘంలో ఎవరూ రేడియో కొనకూడదు. ఇది మా నాన్న పెట్టిన నియమం కాదు, ఆయనకు ముందున్న పెద్దలు పెట్టింది. రేడియోలోంచి సినిమా పాటలు వస్తాయి, పాటల వెంట లోకం వస్తుంది అని వాళ్ల భయం. డెబ్బైలలో మా ఊరి రైతుల ఇళ్లకు రెండు మూడు ట్రాన్సిస్టర్లు వచ్చాయి గాని, ప్రార్థన మందిరం చుట్టూ ఉన్న విశ్వాసుల ఇళ్లలో ఒక్కటీ లేదు. కాబట్టి మందిరంలోని గోడగడియారానికి సమయం చెప్పే దిక్కు ఒక్కటే. అది శనివారం సాయంత్రం కొత్తగూడెం నుంచి వచ్చే ఎర్ర బస్సు.

బస్సు మా ఊరికి నాలుగున్నరకు వస్తుందని రోడ్డు పక్క రేకు బోర్డు మీద రాసి ఉండేది. హారను వినబడగానే నా చెల్లె చేతిలో పని వదిలేసి మందిరంలోకి పరుగెత్తేది. స్టూలు ఎక్కి ముల్లును నాలుగున్నర మీద పెట్టేది. తర్వాత తాళంచెవితో వారానికి సరిపడా చుట్టేది. ఆదివారం ఆ గడియారం చూసే, మందిరం ముందు వేలాడగట్టిన రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టేది. ఆ మోత వింటే చుట్టుపక్కల వాళ్లందరూ ఆరాధనకు వచ్చేవాళ్లు. చిన్నప్పటి నుంచీ ఆ పని ఆమెదే.

చెల్లె అంటున్నాను గాని మేమిద్దరం కవలలం. నేను ముందు పుట్టాను. పురుడు పోసిన ముసలమ్మ ఒక కీర్తన పాడి ముగించేలోపు ఆమె పుట్టిందట. ఆ కీర్తన పొడుగుదో పొట్టిదో చెప్పకుండానే అమ్మ మా పదో ఏట ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది.

నాన్న ఆ సంఘానికి ఉపదేశి. వారంలో నాలుగు రోజులు అడవిలోని ఊళ్లకు నడిచి వెళ్లి వాక్యం చెప్పి వచ్చేవాడు. అమ్మ పోయాక నన్ను ఖమ్మంలో హాస్టల్లో వేసి, చెల్లెను ఇంటి దగ్గర ఉంచుకున్నాడు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మా పంతొమ్మిదో ఏట ఎండాకాలంలో, బీడీలు చుట్టే తునికాకు కోతకు వెళ్లిన చెల్లె గుట్ట ఎక్కుతూ ఊపిరాడక కూలబడింది. మిషను దవాఖానాలో డాక్టరమ్మ చాలాసేపు గుండె విని, చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం గుండెలోని కవాటాన్ని పాడు చేసిందని చెప్పింది. ఆపరేషను దూరపు పట్నంలో చేస్తారు, ఈ ఒంటితో తట్టుకోలేదు, ముందు కొంచెం బలం పుంజుకోనివ్వండి అని మందులిచ్చి పంపింది. ఇక బలం పుంజుకోవడం కోసం మందులు, ప్రార్థన.

నేను డిగ్రీ చదువుకు తిరిగి ఖమ్మం వెళ్తున్న రోజు చెల్లె బస్సు దాకా వచ్చింది. నడుమ రెండుసార్లు ఆగి నిలబడింది.

"అన్నా, హాస్టల్ల ఏ యాల్లకు ప్రార్థన జేస్తవ్?"

"ఏడుకు బెల్లు కొడతరు. అప్పుడే."

"అయితె నేను గూడ ఏడుకే మోకాళ్లేస్త. ఇద్దరం ఒక్కపారే అడుగుదాం. ముందొకలం ఎనకొకలం అడుగుడేంది?"

"ముందెనక అడిగితె దేవుడు మరిచిపోతడా?"

"ఆయన మరువడు. నువ్వు మరుస్తవ్. గందుకే టైం పెడుతున్న."

ఇద్దరు ఏకమై దేనికోసం అడిగినా దొరుకుతుందని ప్రభువు ఇచ్చిన వాగ్దానం మాకు పాలు తాగిన నాటి నుంచి తెలుసు. నాన్న దాని మీద చెప్పిన ప్రసంగాలు లెక్కలేనన్ని. ఏకం కావడమంటే ఒకే నిమిషంలో మోకరించడమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ అర్థం మేమిద్దరం బస్సు దగ్గర నిలబడి చేసుకున్నది. అయినా ఆ రోజు నుంచి దాన్నే గట్టిగా నమ్మాను. హాస్టలు వార్డెను గదిలో రేడియో ఉండేది, బెల్లు దాని ప్రకారమే మోగేది. బెల్లు మోగగానే మా గడ్డివాము పక్కన మోకరించిన చెల్లె నా కళ్ల ముందుకు వచ్చేది.

డిగ్రీ ఆఖరి ఏడాదిలో భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు ఒకనాడు కవలల చిక్కుప్రశ్న చెప్పారు. కవలల్లో ఒకడు వెలుగు వేగానికి దగ్గరి వేగంతో నక్షత్రాల దాకా వెళ్లి తిరిగి వస్తాడు. ఇంటి దగ్గర ఉన్నవాడు ముసలివాడై ఉంటాడు, వెళ్లి వచ్చినవాడు ఇంకా పడుచువాడే. వేగంగా పోయే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. చిక్కు ఎక్కడంటే, వెళ్లేవాడు తానే కదలకుండా ఉన్నానని, ఇల్లే దూరమైపోతోందని అనుకోవచ్చు. అప్పుడు ఇంటివాడే చిన్నవాడు కావాలి కదా? కాడు, ఎందుకంటే మధ్యలో వెనక్కి మళ్లింది ఒక్కడే, అన్నారు మాస్టారు. ఇంకో మాట కూడా చెప్పారు. వేర్వేరు వేగాలతో కదిలే ఇద్దరికి 'ఇప్పుడు' అనేది ఒకటే కాదు, విశ్వమంతటికీ ఒకే గడియారం లేదు.

క్లాసులో మిగతావాళ్లు పరీక్షలో వస్తుందా అని అడిగారు. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. ప్రభువు దృష్టిలో వెయ్యేళ్లు గడిచిపోయిన ఒక్క దినంలా ఉంటాయన్న మాటను చిన్నప్పటి నుంచి పాడుతున్నవాణ్ణి. సెలవుల్లో ఇంటికి వెళ్లి ఆదివారం సాక్ష్యంలో ఈ సంగతి చెప్పాను. అందరూ విన్నారు. చివరికి సంఘంలో పెద్దాయన లేచాడు.

"మంచిగ జెప్పినవ్ గని పిలగా, ఈడ వెయ్యి ఆదివారాలు అయితె ఆ బండిల పోయినోనికి ఐదొందలే అయితయంటవ్. మరి తక్కువైన ఐదొందల ఆరాధనలు ఎవడు జెయ్యాలె?"

మందిరమంతా నవ్వింది. నాన్న కూడా పుస్తకం అడ్డం పెట్టుకొని నవ్వాడు.

ఆ మధ్యాహ్నం చెల్లె వరండాలో కూర్చొని తునికాకు కట్టలు కడుతోంది. గుట్ట ఎక్కే బలం లేదు కాబట్టి పక్కింటివాళ్లు కోసి తెచ్చిన ఆకును యాభై చొప్పున పేర్చి నారతో కట్టి ఇచ్చేది.

"అన్నా, పోయినోడు చిన్నగైతడంటివి. నువ్వు బస్సుల పోయి వస్తుంటవ్ గద. నాకంటె ఎంత చిన్నగైనవ్?"

కాగితం తీసి లెక్క వేశాను. రెప్పపాటులో కోటో వంతు కూడా లేదు.

"గంతేనా! దానికోసం ఇంత సదువు సదివినవా?" అంది. కాసేపు ఆకులు పేర్చి మళ్లీ అంది. "నీకేమో చెట్లు ఎనక్కి ఉరుకుతున్నట్టు కనబడతది. నాకేమో నువ్వే ఉరుకుతున్నట్టు కనబడతది. ఎవరు ఎనక్కి మలుగుతె ఆళ్లు చిన్నగుంటరు. మరి పోయినోడు మలుగకుంటె?"

"మలుగకుంటె ఇద్దరు ఒకకాడ నిలబడి చూసుకునేది ఉండది. ఎవరు చిన్నో తేలది."

"గట్లనా," అని తలూపి, "నీ ముచ్చట్ల పడి లెక్క తప్పిన, మళ్ల ఒకటి నుంచి ఎంచాలె" అని కట్ట విప్పేసింది. ఎంచుతున్న ఆమె చేతుల వైపు చూశాను. గోళ్లు నీలంగా ఉన్నాయి. మెడ దగ్గర నరం కొట్టుకోవడం దూరం నుంచే కనబడుతోంది. మా ఇద్దరికీ ఇరవై రెండేళ్లు. ముక్కూ మొహం ఒకటే కాబట్టి చూసినవాళ్లు తోబుట్టువులని పోల్చేవాళ్లు, కాని ఆమెనే అక్క అనుకునేవాళ్లు.

చదువు ముగిశాక కల్లూరులో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. ఒక చేతిగడియారం కొనుక్కున్నాను. అంతకు ముందు నా చేతికి గడియారం లేదు. కిరాయి గది పక్కింట్లో రేడియో వార్తలు మొదలయ్యేటప్పుడు దాన్ని సరిచేసుకునేవాణ్ణి. దసరా సెలవులకు ఇంటికి వెళ్లాను. మొదటి రోజు సాయంత్రం నా గడియారం ఏడు చూపించగానే లేచాను. చెల్లె పొయ్యి దగ్గరే ఉంది.

"ఏడయింది గద?" అన్నాను.

"ఇంక టైమున్నది అన్నా. ఇప్పుడే గద ఆరు దాటింది."

మందిరంలోకి వెళ్లి చూశాను. గోడగడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది. ఆమె మోకరించేటప్పటికి నా చేతి మీద ఏడూ నలభై.

మర్నాడు రేకు బోర్డు దగ్గర సోడాలమ్మే ఆయన్ని అడిగాను. ఆయన నవ్వాడు. బోర్డు మీద రాసిన టైముకు ఆ బస్సు ఎన్నడూ రాలేదట. కొత్తగూడెంలో పాసింజరు రైలు వచ్చి, దిగినవాళ్లు ఎక్కేదాకా అది కదలదు. ఎప్పుడూ ముప్పావుగంటకు కొంచెం అటూ ఇటూ. ఊళ్లో అందరికీ తెలుసు. మందిరంలో తెలియదు, బోర్డు మీద రాసింది మాకు రాతే కాబట్టి. రాసి ఉన్నదాన్ని నమ్మడం మాకు నేర్పినదే.

మూడేళ్లకు పైగా రోజూ నేను ప్రార్థన ముగించి, భోజనానికి లేచి, చేయి కడుక్కునే వేళకు ఆమె మోకాళ్లు వేసింది. సెలవుల్లో ఇంటి దగ్గర ఉన్న రోజులు తప్ప ఒక్కనాడూ కలవలేదు. ఆ మూడేళ్లలో ఆమె ఒంట్లో బలం పెరగలేదు, తగ్గింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేకపోయాను. అవిశ్వాసం అంటే ఏమిటో అంతకు ముందు నాకు తెలియదు.

ఎవరూ లేనప్పుడు మందిరం గడియారం ముల్లును నలభై నిమిషాలు ముందుకు జరిపాను. శనివారం బస్సు హారను మోగింది. చెల్లె ఇదివరకటిలా పరుగెత్తలేక గోడ పట్టుకొని నడిచి వెళ్లింది. నేను స్టూలు పట్టుకున్నాను.

"సూసినవా అన్నా, గడియారం ముసల్దయింది. వారంలనే ఎంత జల్దీ ఉరికిందో!" అని ముల్లును మళ్లీ వెనక్కి తిప్పింది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్తే మూడేళ్ల ప్రార్థనలూ ఆ స్టూలు మీద నిలబడే ఆమె లెక్కపెట్టుకుంటుంది. ఆమె దిగాక స్టూలు గోడకు జరిపాను. ఆమె గడియారం మారదు, నా ప్రార్థన వేళ మార్చుకుంటే సరిపోతుంది అనుకున్నాను. కల్లూరు వెళ్లాక రోజూ ఏడూ నలభైకి మోకరించడం మొదలుపెట్టాను.

సంక్రాంతి దాటింది, ఎండలు ముదిరాయి. ఒక శుక్రవారం పొద్దున బడికి టెలిగ్రాం వచ్చింది, వెంటనే రమ్మని. నేను వెళ్లేసరికి చెల్లెను మందిరంలో బెంచీ మీద పడుకోబెట్టి ఉంచారు. విశ్వాసులు మెల్లగా పాడుతున్నారు.

నాన్న నా చేయి పట్టుకున్నాడు. "నిన్న ఏడుకు మోకాళ్లేసింది బిడ్డా. ఎంతసేపటికీ లేవలె. దగ్గరికి పోయి సూస్తె..." అన్నాడు.

ఏడుకు. అంటే నాకు ఏడూ నలభై. నిన్న ఏడూ నలభైకి నేను మోకాళ్ల మీదే ఉన్నాను. చివరి ప్రార్థన ఇద్దరం కలిసే చేశాం. ఆ ఒక్క మాట పట్టుకొని సమాధి దగ్గర నిలబడ్డాను. మట్టి వేశాను, పాట కూడా పాడగలిగాను.

శనివారం మధ్యాహ్నం ఎందుకో గోడగడియారం వైపు చూసి, చేతి వైపు చూసుకున్నాను. రెండూ ఒకే సమయం చూపిస్తున్నాయి.

"నాయనా, గడియారం ఎవరన్న సరిజేసిండ్రా?"

"చెల్లెనే. కొత్త బస్సేసిండ్రు గద, మూడు వారాలయింది. ఇది రైలు కోసం ఆగది, బోర్డు మీది టైముకే వస్తది. పాత బస్సు ఎప్పుడు నలభై నిమిషాలు ఆలస్యమేనమ్మా అని కండక్టరు జెప్పిండంట." నాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అది ఎంత సంబరపడ్డదో. ఇన్నేండ్లు అన్న నాకంటె ముందు మోకాళ్లేసిండు నాయనా, ఇప్పుడు కలిసినం అన్నది. అన్నకు జాబు రాస్త అంటె వద్దన్నది. తెలిస్తె ఎనకటి దినాలకు బాధపడతడు, ఊకో అన్నది."

ఆమె పోయిన ఆ గురువారం సాయంత్రం ఏడింటికి నేను కల్లూరు సెంటరులో టీ తాగుతున్నాను. తోటి మాస్టారు ఇంకో కప్పు చెప్పనా అని అడిగాడు. ఇంకా నలభై నిమిషాలు ఉంది, చెప్పు అన్నాను.

ఆ శనివారం సాయంత్రం నాలుగున్నరకు బస్సు హారను మోగింది. నాన్న తాళంచెవి నా చేతిలో పెట్టాడు. స్టూలు ఎక్కాను. ముల్లు నాలుగున్నర మీదే ఉంది, కదపాల్సింది ఏమీ లేదు. చుట్టి దిగాను.

ప్రభువు ముందు ఏ గడియారమూ లేదని, ఆమె మోకరించినదీ నేను మోకరించినదీ ఆయనకు ఒకే ఘడియలో వినబడ్డాయని తర్వాతి సంవత్సరాల్లో ఎన్నో సంఘాల్లో చెప్పాను. నమ్మే చెప్పాను, ఈ రోజుకీ నమ్ముతున్నాను. అయినా ఆ మాట చెప్పి ఇంటికి వచ్చిన సాయంత్రాలు కూడా ఏడింటికి ఒకసారి, ఏడూ నలభైకి ఒకసారి మోకరిస్తాను. మధ్యలో టీ తాగను. లేచి కిటికీ దగ్గర నిలబడతాను, అంతే.