కొత్త తారు కింద నేల

మా అశోక్‌నగర్ సందు మలుపులో స్కూల్ ఆటో వెనక చక్రం కింద తారు మెత్తగా కుంగింది. గుంత లేదు, పగులు లేదు. ఆటో ఒక్క కుదుపుతో ముందుకు పోయింది. లోపల మా పిల్లలు సింధు, చిన్నా నవ్వుతున్నారు. నేను మాత్రం వెంటనే ఫోన్ తీశాను.

డిగ్రీలో నాతో చదివిన కవిత తార్నాక దగ్గర యూనివర్సిటీలో ఉపగ్రహ రాడార్ చిత్రాల మీద పరిశోధన చేస్తోంది. ఫోన్ చేస్తే, "రేపు రా. మీ గల్లీ నా కంప్యూటర్ల ఉంది" అంది.

మర్నాడు పిల్లలను నేనే బడిలో దింపి, చిక్కడపల్లి మీదుగా నారాయణగూడకు నడిచాను. మీరూ అటు వెళ్ళేట్టయితే అక్కడే బస్సెక్కండి. విద్యానగర్ వచ్చేసరికి బస్సులో నిలబడే చోటుండదు. పక్క సీట్లో గ్రూప్స్ పరీక్షల పుస్తకంతో ఒకమ్మాయి. మా మలుపులోని హాస్టల్లోనే ఉంటుందట. రోడ్డు సంగతి చెప్పాను.

"నోటిఫికేషన్ వచ్చేదాంక రోడ్డు ఆగితే చాలక్కా, తర్వాత కుంగినా సరే" అని నవ్వింది.

పదిన్నరకు కవిత ముందు కూర్చున్నాను.

"ఉపగ్రహం మళ్ళ మళ్ళ అదే దారిల వస్తది. వచ్చినప్పుడల్లా రాడార్‌తోని నేల దూరం కొలుస్తది. పోయినసారికీ ఇప్పటికీ తేడా వస్తే నేల దిగినట్టే."

తెర మీద ఊరంతా పచ్చటి చుక్కలు. మా మలుపుకు రెండు వైపులా మాత్రం నేల దిగుతున్నట్టు ఎర్రవి. హాస్టల్ కూడా ఎర్రగానే ఉంది. నడుమ రోడ్డు మీద ఒక్క చుక్కా లేదు.

"అంటే రోడ్డు మంచిగున్నట్టేనా?" ఆశగా అడిగాను.

"కాదే. కొత్త తారు పోస్తే పాత చిత్రంతోని పోల్చరాదు, అందుకే అక్కడ చుక్క లేదు. అక్కడ ఎన్నిసార్లు పోసిన్రు?"

ఏటా వినాయక చవితికి ముందు పోస్తారు. విగ్రహం బండి ఊగకూడదని సందులో వాళ్ళమంతా కలిసి కుంగిన చోట రాళ్ళూ మట్టీ నింపించి, పైన తారు వేయిస్తాం.

"పాత మురికినీళ్ళ మోరీ పగిలి, కింద మట్టి కొట్టుకపోతున్నదేమో. తవ్వి చూడాలె."

"ఎప్పుడు కూలుతది?"

"అది రాడార్ చెప్పదే."

క్యాంటీన్లో పెరుగన్నం తినిపించి, చిత్రం ప్రింటు తీసి ఇచ్చింది. తిరుగు బస్సు దిగి నేరుగా వార్డు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఉద్యోగి కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "నిమజ్జనం కానియ్యమ్మా, తవ్విద్దాం."

నాలుగింటికి సందులోకి వచ్చేసరికి రోలర్ తిరుగుతోంది. మండపం పనులు చూసే శ్రీనన్న ఎదురొచ్చాడు.

"చూడక్కా, అద్దం లెక్క చేయించిన. ఇగ నీకు పరేషాన్ లేదు."

"కింద అంతా డొల్ల అన్నా. బండ్లు రానియ్యకు."

"బండ్లు రాకుంటే గణపతి ఎట్ల వస్తడు? నడుచుకుంట వస్తడా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

పొద్దున వెళ్ళేటప్పుడు ఆ కుంగిన చోటు నాకు కనబడుతూనే ఉంది. తిరిగి వచ్చేసరికి అదెక్కడో కూడా తెలియకుండా పోయింది. ప్రయాణమంతటిలో నాకు గుర్తుండిపోయింది అదే.

తెల్లవారగానే చిన్నా సైకిల్ బయటికి తీశాడు. "అమ్మా, రోడ్డు ఎంత మంచిగైందో!"

ఇద్దరి చేతులూ పట్టుకున్నాను. "ఇయ్యాల్టి నుంచి మనింటికి ఆటో రాదు. వెనక గేటు నుంచి నడిచి పోదాం. రోడ్డు ఎక్కడ నల్లగా, నున్నగా ఉంటదో, అక్కడ మాత్రం కాలు పెట్టకండి."