చర్చి మెట్ల మీద రొట్టె

ఉపాధ్యాయ శిక్షణకని మిషన్ వాళ్ళు నన్ను ఏడాదిపాటు ఇంగ్లండు పంపారు. అరవైల మొదట్లో సంగతి. వేసవి సెలవులకి హాస్టలు మూసేస్తామన్నారు. ఇంటికి వద్దామంటే ఓడ ప్రయాణానికే సెలవులు చాలవు. ఎక్కడ తలదాచుకోవాలో తెలియక తిరుగుతుంటే, పక్క గదిలో ఉండే ఇంగ్లీషు కుర్రాడు, "నాతో రా, యూరప్ చూసొద్దాం. పెద్ద ఖర్చేం ఉండదు. దారిన పోయే బండి ఆపి ఎక్కడమే," అన్నాడు.

అక్కడి విద్యార్థులు అలా తిరగడం మామూలే. వీపుకి ఒక సంచీ, అందులో దుప్పటి, రెండు చొక్కాలు, ఒక మ్యాపు. అదే వాలకంతో మా బందరు బస్టాండులో నిలబడితే, ఎవరబ్బాయో ఇల్లు వదిలి పారిపోతున్నాడని నలుగురు చేరేవాళ్ళు.

సముద్రం దాటి బెల్జియంలో దిగాక, రోడ్డు పక్కన ఇద్దరం చెయ్యి చాపి నిలబడ్డాం. ఒక్క బండీ ఆగలేదు. ఎండెక్కింది. చాలాసేపు చూసి నా స్నేహితుడు మొహమాటపడుతూ, "నువ్వు కాసేపు ఆ చెట్టు వెనక కూర్చో. బండి ఆగాక పిలుస్తాను," అన్నాడు. కూర్చున్నాను. కాసేపటికే ఒక కారు ఆగింది. అతను కేకేస్తే సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాను. కారాయన నన్ను పైనుంచి కిందికి చూసి ఏదో గొణిగాడు. తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

"ఆయనకేదో తొందర పనట," అన్నాడు నా స్నేహితుడు, నా వంక చూడకుండా. నేనూ నమ్మినట్టు తలూపాను.

తర్వాత అదే మా పద్ధతి అయిపోయింది. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. బండి శబ్దం వినిపిస్తే నేనే లేచి చెట్టు వెనక్కి వెళ్ళేవాణ్ణి. అందరూ అలా వదిలేసి పోలేదు, అది కూడా చెప్పాలి. ఒక లారీ డ్రైవరైతే తన ఫ్లాస్కులో కాఫీ ముందు నాకే పోసి ఇచ్చాడు. కానీ బ్రస్సెల్స్ నుంచి పారిస్ దాకా రోడ్డు పక్క చెట్లన్నిటినీ నేను వెనకవైపు నుంచే చూశాను.

పారిస్‌లో ఊరంతా కాలినడకనే తిరిగాం. పేరుమోసిన ఆ ఇనప టవరుని కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూశాను. పైకి ఎక్కాలంటే టిక్కెట్టు. పొద్దున కొన్న పొడుగాటి రొట్టెని చెరిసగం విరిచి, టమాటాలతో మూడు పూటలా నెట్టుకొచ్చేవాళ్ళం. నేను ఆవకాయ గురించి చెబుతుంటే అతను నవ్వేవాడు. ఆ నాలుగు రోజులూ బాగానే గడిచాయి.

అక్కణ్ణుంచి జర్మనీలో కొలోన్ వెళ్ళాం. నా స్నేహితుడి మేనత్త అక్కడి జర్మన్ ఆయన్ని చేసుకుని ఆ ఊళ్ళోనే ఉంటోంది. ఆవిడ ఇంటికి వెళ్తే కడుపునిండా భోజనం దొరుకుతుందని దారంతా చెప్పాడు. తీరా ఊళ్ళో పెద్ద చర్చి ముందు దిగాక ఫోను చేసి వచ్చి, బూటు ముందుభాగంతో నేలని గీస్తూ నిలబడ్డాడు.

"ఆవిడ పెద్దదైపోయింది. కొత్తవాళ్ళంటే కంగారు పడుతుంది. నేనొక్కణ్ణే వెళ్ళి ఒక పూట ఉండి వస్తాను. రేపు మధ్యాహ్నం ఈ చర్చి దగ్గరే కలుద్దాం."

"వెళ్ళు, నాకేం ఫర్వాలేదు," అన్నాను.

ఆ రాత్రి విద్యార్థుల వసతిగృహంలో పడుకున్నాను. పొద్దున్నే వాన పట్టుకుంది. ఊళ్ళో ఇంకా అక్కడక్కడ యుద్ధంలో కూలిన గోడలు కనిపిస్తున్నాయి. తడిసి ముద్దయి, ఆ పెద్ద చర్చి మెట్ల మీద, వాన పడని మూల చూసుకుని కూర్చున్నాను. తడి బూట్లు విప్పి పక్కన పెట్టాను. దుప్పటి కప్పుకున్నాను. గడ్డం గీసుకుని చాలా రోజులైంది. ముందురోజు సాయంత్రం నుంచీ ఏమీ తినలేదు.

ప్రార్థన ముగించుకుని జనం బయటికి వస్తున్నారు. నల్లకోటు వేసుకున్న ఒక పెద్దావిడ నా ముందు ఆగింది. నా కాళ్ళ వైపు చూసింది. చేతిసంచీలోంచి కాగితంలో చుట్టిన పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టింది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళంతా వేడెక్కిపోయింది.

"నేను విద్యార్థినండీ. ఇండియా నుంచి వచ్చాను," అన్నాను ఇంగ్లీషులో. ఆవిడకి ఇంగ్లీషు వచ్చినట్టు లేదు. తలూపి, నా భుజం తట్టి, గొడుగు విప్పుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు నన్ను చూసుకుంటూ పోతున్నారు.

పొట్లంలో రెండు రొట్టెముక్కలు, మధ్యలో వెన్న, ఒక ఉడికిన గుడ్డు. విసిరి కొట్టాలనిపించింది. ఆకలి ఊరుకోలేదు. స్తంభం చాటుకి వెళ్ళి, గోడవైపు తిరిగి తిన్నాను.

మధ్యాహ్నం స్నేహితుడు వచ్చి, "ఏమైనా తిన్నావా?" అని అడిగాడు.

"హోటల్లో తిన్నాను. బాగుంది," అన్నాను.

చదువు ముగించుకుని తిరిగొచ్చేసరికి బందరులో నా పేరు ముందు 'యూరప్ తిరిగొచ్చిన' అనే మాట చేరిపోయింది. చర్చి హాల్లో సభ పెట్టారు. దండ వేశారు. నేను టవర్ల గురించి, మ్యూజియంల గురించి, వీధుల శుభ్రత గురించి మాట్లాడాను. తెచ్చిన పిక్చరు పోస్టుకార్డులు చేతులు మారుతూ హాలంతా తిరిగాయి. తర్వాత గుడివాడలో ఒక రైసుమిల్లు ఆసామి తమ ఊళ్ళోనూ చెప్పించాలని కారు పంపించాడు. అక్కడ ఇంకా బాగా మాట్లాడాను. లారీ డ్రైవరు కాఫీ ఇచ్చిన సంగతి చెబితే చప్పట్లు కొట్టారు. చెట్ల సంగతి చెప్పలేదు.

మా నాన్న దివిసీమలో ఒక పల్లె సంఘానికి ఉపదేశి. ప్రార్థనలు జరపడం, పిల్లలకి అక్షరాలు నేర్పడం, రోగులకి ధైర్యం చెప్పడం ఆయన పని. "పట్నాలవాళ్ళకే చెబుతావా? మావాళ్ళకీ చెప్పు," అని కబురు పెట్టాడు. ఒక ఆదివారం బస్సు దిగి, కాలవగట్టు మీద నడిచి వెళ్ళాను. తాటాకు చర్చి నిండిపోయి, బయట కూడా నిలబడ్డారు. అందరూ కూలినాలి చేసుకునేవాళ్ళు. ఆరాధన అయ్యాక నాన్న నన్ను నిలబెట్టాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

గుడివాడలో చెప్పినవే మొదలుపెట్టాను. ముందు వరసలో కూర్చున్న ఒక మామ్మ కాసేపు విని, చెయ్యెత్తి నన్ను ఆపింది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి.

"ఆ కట్టడాలు సరేగానీ అబ్బాయ్, అంతంత దూరం తిరిగావు గదా, నీకు అన్నం ఎవరు పెట్టార్రా?"

బందరులో గానీ గుడివాడలో గానీ ఎవరూ ఆ మాట అడగలేదు.

"ఒకచోట ఒక పెద్దావిడ పెట్టింది మామ్మా."

"తెలిసినావిడా?"

"కాదు. చర్చి మెట్ల మీద కూర్చుంటే అడుక్కునేవాణ్ణి అనుకుంది."

మామ్మ కాస్త ముందుకి జరిగింది.

"తిన్నావా?"

"తిన్నాను."

"సిగ్గేసిందా?"

"వేసింది మామ్మా. గోడవైపు తిరిగి తిన్నాను."

మామ్మ తల పంకించింది. "మరంతే గదయ్యా. ఇక్కడ పాలకి నిలబడ్డప్పుడు మాకూ అంతే," అంది. అందులో దెప్పిపొడుపేమీ లేదు. ఎవరో ఒకామె కిసుక్కున నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న ఒక్కడే నవ్వలేదు.

ఆ రోజుల్లో పైదేశాల నుంచి పాలపొడి డబ్బాలు వచ్చేవి. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే నాన్న గుండిగలో పాలు కలిపి పంచేవాడు. వరసలో రావాలి. ఆ వారం నేర్పిన బైబిలు వచనం ఒప్పజెప్పాలి. ఆరాధనకి రానివాళ్ళకి పాలు లేవు. ఆయనకి అది క్రమశిక్షణ. పిల్లలకి వాక్యం వస్తుంది, పాలూ వస్తాయి అనుకునేవాడు. ఆ రోజు మాత్రం గరిటె పట్టుకుని ఎవరి మొహమూ చూడలేకపోయాడు. వచనం చెప్పబోయిన ఒకామెని, "వద్దులేమ్మా, పట్టుకెళ్ళు," అన్నాడు.

భోజనాల దగ్గర అమ్మ వడ్డిస్తుంటే ఆయన కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"అంత జరిగితే నాకెందుకు రాయలేదురా?"

"మీరు బాధపడతారని, నాన్నగారూ."

"నేను ఇన్నేళ్ళుగా పోస్తున్నాను. సిగ్గేస్తోందని ఒక్కళ్ళూ నాతో అనలేదు," అని కంచం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మ నా వంక చూసిన చూపుకి నేనూ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

మరుసటి వారం నుంచి నాన్న గుండిగని మా ఇంటి అరుగు మీదికి మార్చాడు. సోమవారం పొద్దున్నుంచి ఎవరైనా, ఎప్పుడైనా వచ్చి పట్టుకెళ్ళవచ్చన్నాడు. వచనం లేదు, వరస లేదు, ఆరాధనకి వచ్చావా అని అడగడం లేదు.

నెల తిరిగేసరికి ఆరాధనకి వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గిపోయారు. ఆ మామ్మ కూడా ఆదివారాలు నాట్లనీ కోతలనీ వెళ్ళిపోయేది. సోమవారం మాత్రం చెంబు తీసుకుని వచ్చి అరుగు మీద చతికిలబడి, పాలు పల్చగా కలిపావని నాన్నతో దెబ్బలాడేది. పైనుంచి తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన, "సంఘం ఇలా పలచబడిందేమిటండీ?" అని అందరి ముందూ నిలదీశాడట. "ఇదివరకు పాల కోసం వచ్చేవాళ్ళండి," అన్నాడట నాన్న. అది తనకీ ఈమధ్యే తెలిసిందని మాత్రం నాన్న ఆ పెద్దాయనకి చెప్పలేదట. ఇదంతా అమ్మ చెప్పింది. నాన్న నాతో ఎప్పుడూ ప్రస్తావించలేదు.

ఆ క్రిస్మస్‌కి ముందు ఒక ఆదివారం నేను మళ్ళీ వెళ్ళాను. చాపలు వెనక వరసల్లో ఖాళీగా పడున్నాయి. నేను ముందు కూర్చుని, తల వంచుకుని, ఎదురుగా ఉన్న మట్టినేలనే చూస్తున్నాను. నాన్న చర్చి నిండా జనం ఉన్నప్పుడు ఎలా మాట్లాడేవాడో అలాగే, బయట కాలవ అవతలికి కూడా వినపడేంత గట్టిగా, ప్రసంగం చేస్తున్నాడు.