నలభై పేజీల ప్లాను, లేడీస్ వార్డు తలుపు

ఎదురుగా దేవుడి పటం లేదు గానీ ల్యాప్‌టాప్ ఉంది. దాని మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

ఆంధ్రా నుంచి ఢిల్లీలోని పెద్దాసుపత్రికి వచ్చి, హిందీ రాక వరండాల్లో తెల్లమొహం వేసే రోగులకు తోడు నిలిచే సంస్థ ఒకటి పెట్టాలనుకున్నాం, నేనూ, అదే ఆసుపత్రిలో పనిచేసే ఒక కాకినాడ నర్సూ. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఢిల్లీలోనే, సాకేత్‌లో మా ఇంట్లో ఏడు నెలలు కూర్చుని నలభై పేజీల ప్లాను రాశాను. లిఫ్టు పాడైతే ఏ మెట్లెక్కాలో కూడా అందులో ఉంది.

"ముందు ఒక్క పేషెంటుని తీసుకెళ్లి చూద్దాం సార్. తర్వాత రాసుకోండి," అనేది సిస్టర్.

"ప్లాను లేకపోతే మధ్యలో చేతులెత్తేస్తాం సిస్టర్."

"మీరిలా రాస్తా కూర్చుంటే పేషెంట్లు ముసలాళ్లయిపోతారండీ."

మొదటి రోగి పలాస నుంచి భర్తతో వచ్చింది. కడుపులో గడ్డ. కాలేజీలో చదివే మా అమ్మాయిని దుబాసీగా పెట్టాను. ఇంట్లో నా తిట్లన్నీ దానికి అర్థమవుతాయి కనుక, ప్లానులో దాని పక్కన 'తెలుగు వచ్చు' అని రాసుకున్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున, సంతకం కోసం మగవాళ్లలో భర్తనొక్కణ్ణే, దుబాసీగా మా అమ్మాయినీ లేడీస్ వార్డులోకి వదిలారు. నేను తలుపు బయట నిలబడ్డాను. కాసేపటికి మా అమ్మాయి ఏడుపు మొహంతో బయటికొచ్చింది.

"పాపా, అంకుల్ సైన్ నహీ కర్ రహే! తెలుగు మే కైసే బోలూఁ?"

అంకుల్ సంతకం పెట్టడం లేదు, తెలుగులో ఎలా చెప్పను అని దాని గోల. అతని మాటలు డాక్టరుకు హిందీలో చెప్పగలిగింది. డాక్టరు జవాబు తెలుగులో చెప్పడానికి దానికి నోరు తిరగలేదు. పుట్టినప్పటి నుంచీ నేను తెలుగులో అడగడం, అది హిందీలో బదులివ్వడం. లిఫ్టు గురించి ఆలోచించినవాణ్ణి ఇది ఆలోచించలేదు. పావుగంటలో సంతకం పడకపోతే ఆమె వంతు ఇంకొకరికి పోతుంది. మళ్లీ తేదీ ఎప్పుడో ఎవరూ చెప్పరు. గడ్డ అప్పటిదాకా ఆగదు.

తలుపు దగ్గర ఏనుగంత గార్డు.

"లేడీస్ వార్డ్ హై, భాయీసాబ్. పీఛే హటియే."

ఒక్క ఉదుటున అతని చంక కిందుగా దూరాను. ఇద్దరు వార్డుబాయ్‌లు వెంటపడ్డారు. అడ్డొచ్చిన స్ట్రెచర్ మీదుగా దూకాను. భర్త చెయ్యి పట్టుకుని, ఎక్కడ కోస్తారో ఎన్ని కుట్లు వేస్తారో విడమరిచాను. ఒక్క నిమిషం మిగిలుండగా సంతకం పడింది.

ఇక దాచలేను. చంక దగ్గర్నుంచి సంతకం దాకా నా కల్పన. గార్డు కూడా బక్కపలచటివాడే. 'పీఛే' అనగానే నేను వెనక్కి జరిగి, అత్యవసరమైతే ఏం చేయాలో ప్లానులో వెతుకుతూ నిలబడ్డాను. మా అమ్మాయి నా కోసం ఆగలేదు. రెండంతస్తులు దిగి, డ్యూటీలో ఉన్న సిస్టర్‌ని లాక్కొచ్చింది. మిగతాది తలుపు సందులోంచి విన్నాను. ఆ మనిషి కోత గురించీ కుట్ల గురించీ అడగనే లేదు.

"మత్తిచ్చాక మా ఇంటిది మళ్లీ లేస్తాదా అమ్మా?"

"లేస్తుంది బాబాయ్. కళ్లు తెరవగానే, అన్నం తిన్నావా లేదా అని నిన్నే తిడద్ది చూడు."

అతను కలం అందుకున్నాడు.

సాయంత్రానికి ఆమె లేచింది. ఇది కల్పన కాదు.