మూడో మందు మడి

పదకొండేండ్లుగా దీన్ని మోస్తాండా. ఇంట్లో చెప్పలే, ఆఫీసులో చెప్పలే. నీకు చెప్తాండా. మధ్యలో అడ్డం రావద్దు, ఆగితే మళ్లీ నోరు పెగలదు.

పత్తిలో తెల్లదోమకు ఏ మందు బాగా పనిచేస్తుందో చూసే పని నాది. నేనుండేది నంద్యాల. ఆళ్లగడ్డ పక్కన ఓబులయ్య అనే రైతు చేలో మళ్లు కట్టి, ఒక్కో మడికి ఒక్కో మందు కొట్టించినాం. తర్వాత ఆకుల అడుగున దోమలు లెక్కబెట్టాల. తెల్లారుతానే లెక్కబెట్టాల. ఎండెక్కితే ఆకు తిప్పేలోపే దోమ లేచిపోతుంది. కొత్తగా చేరినోళ్లకు ఈ మాట నేర్పిందే నేను.

అయినా మొదటి బస్సుకు పోలేదు. నిద్ర. అంతే, ఇంకో కారణం వెతికేది లేదు. నేను చేరేసరికి ఎండ మొదలయ్యేది. చివరనుండే మూడో మందు మడికి వచ్చేసరికి, ఆకు ముట్టుకుంటే చాలు, దోమలన్నీ గాల్లో ఉండేవి. మిగిలినవాటినే రాసినా. ప్రతిసారీ ఆ మడిలోనే తక్కువ.

మూడో మందే మేలని కాగితం మీదికెక్కింది. నాకు అనుమానం రాలేదా? రెండోసారికే వచ్చింది. మళ్లీ లెక్కబెడితే నా బద్ధకం బయటపడుతుందని ఊరుకున్నా, పైగా రైతుల ముందు నిలబడి ఆ మందు పేరు గట్టిగా చెప్పినా, అంత ధైర్యం ఆపొద్దు యాడనుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

మరుసటేడు ఓబులయ్య చేనంతా అదే కొట్టినాడు. నేను పోయి చూస్తే ఆకులు దోమ కార్చిన జిగురుపట్టి, మసి పూసినట్టు నల్లగా ఉండాయి. పగిలిన పత్తి కూడా నలుపే.

"నువ్వు చెప్పిందే కొట్టినా సారూ. దోమ యాడికీ పోలే. మందులో నీళ్లేమన్నా ఎక్కువైనాయంటావా?"

"అయింటాయి లే అన్నా."

ట్యాంకులో నీళ్లు కలిపింది ఆయన భార్య ఎల్లమ్మక్క. ఓబులయ్య అక్కడే ఆమె మీదికి తిరిగినాడు. "విన్యావా? నీ చేత్తోనే పంట పాయ!" ఆమె నా దిక్కు చూసింది, సారు కాదంటాడేమో అని. నేను చెప్పులకంటిన మట్టి దులుపుకున్నా.

ఓబులయ్య చనిపోయినాడు. ఎల్లమ్మక్క ఉంది. ఆ ఏడు పంట తనవల్లే పోయిందని ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటాంది.

నన్ను క్షమించమని నిన్ను అడగడంలేదు. నువ్వెవరప్పా క్షమించేదానికి? ఎవరో ఒకరి ముందు నా నోటితో అనాల, అంటాండా. ఆ యమ్మ నీళ్లు సరిగ్గానే పోసింది. లెక్క నేను తప్పు రాసినా.