ఖాయం కాని ఇంజను

మా లక్ష్ముడికి ఒకే ఒక్క జబ్బు: ఇంజను ఖాయం చెయ్యలేకపోవడం. ఒక కారుకి ఒక ఇంజను ఎంచడానికి తొమ్మిదేళ్ళుగా ఆలోచిస్తున్నాడు. ఇదే మనిషి పెళ్ళిచూపుల్లో దేముడమ్మని చూసి, ఇచ్చిన టీ చల్లారకముందే ఖాయం అనేశాడు.

"నన్ను సూడ్డానికి పావుగంట, ఆ ఇనపముక్కని సూడ్డానికి తొమ్మిదేళ్ళు. ఇద్దర్లో ఎవులు గొప్పో మీరే సెప్పండి మేష్టారూ" అంటుంది ఆవిడ.

నేను నెల్లిమర్ల గ్రంథాలయంలో పనిచేసే రోజుల్లో లక్ష్ముడు జూట్‌మిల్లులో ఫిట్టరు. షిఫ్టు దిగి, ఒంటినిండా నార దుమ్ముతో వచ్చి బొమ్మల పత్రికలు తిరగేసేవాడు. ఒకనాడు ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాడు. రెండు కార్లు పక్కపక్కన, ముందు చక్రాలు గాల్లో.

"ఏటిది మేష్టారూ?"

కింద రాసింది చదివి చెప్పాను. ఇది డ్రాగ్ పందెం. నిలబడ్డ చోటు నుంచి తిన్నగా పావుమైలు. ముందు చేరినవాడు గెలిచినట్టు.

"మలుపుల్లేవా?"

"లేవు."

"తిరిగి రానక్కర్లేదా?"

"అక్కర్లేదు."

చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు. "మా మిల్లులో మిషన్లున్నాయి సూడండి, పొద్దస్తమానం తిరుగుతాయి. ఒక్కటీ ఎక్కడికీ ఎల్లదు" అన్నాడు. తరవాత పత్రిక జాగ్రత్తగా మూసి, ఉన్న చోటే పెట్టి వెళ్ళిపోయాడు.

రిటైరయ్యాక పాత కాంటెస్సా కారు ఒకటి కొన్నాడు. పొడుగాటి మూతి, లోపల పాతికేళ్ళ ఇంజను. ఆ ఇంజను దించి వేరేది కట్టించి, చచ్చేలోగా ఒక్కసారి పావుమైలు కొట్టాలి. అయితే ఒక షరతు. పందెం కొట్టిన బండే మర్నాడు బియ్యం బస్తా కూడా తేవాలి. ఆ షరతే మెకానిక్కు ధనరాజ్ కొంప ముంచింది.

ధనరాజ్ ముందుగా కంప్రెషన్ బాగా పెంచిన ఇంజను చెప్పాడు.

"గుర్రంలా లాగుతాది మావా."

"మామూలు పెట్రోలుకి టకటకా కొట్టుకోదూ?"

"కొట్టుకుంటాది. ఖరీదు పెట్రోలు పోయించాల. విశాపట్నంలో దొరుకుతాది."

"విశాపట్నం ఎల్లి పోయించుకుని ఇంటికొచ్చేసరికి అది అయిపోదేట్రా?"

తరవాత టర్బో. కింద స్పీడులో నిద్రపోతుంది, పైకి వెళ్తే పులి అన్నాడు ధనరాజ్.

"నెల్లిమర్ల బజార్లో పైకెలాగెల్తానురా? ముందు గేదె, ఎనక ఆటో. నా బతుకంతా అది నిద్దర్లోనే ఉంటాది."

మూడోసారి ధనరాజ్ మాటలు కట్టిపెట్టి, రేసు క్యామ్‌షాఫ్ట్ వేసిన బండినే అరువు తెచ్చి వాకిట్లో ఆపాడు. ఆగి ఉండగానే అది మలేరియా వచ్చినట్టు వణికింది. అరుగు మీద దేముడమ్మ బోర్లించిన గిన్నెలు ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటూ వచ్చి కింద పడ్డాయి.

"రేసు ఇంజనంటే ఇలాగే ఉంటాది మావా! పరిగెత్తితే సర్దుకుంటాది."

"రైలుగేటు కాడ ఆగితేనో? పక్కోడు నాకు జొరమనుకుని మందుబిళ్ళ ఇస్తాడు."

ధనరాజ్ ఆ వేళ పానా నేలకేసి కొట్టాడు. తొమ్మిదేళ్ళలో అలాంటి పానాలు చాలా నేలకొరిగాయి.

ఇంజను కుదరలేదు కాబట్టి, మంగళ, గురు, శని వారాల్లో లక్ష్ముడు విజయనగరం పాత ఇనుము దుకాణాలకి సామాను వెతకడానికి వెళ్ళేవాడు. ముందు సీట్లో మా వీధి గున్నమ్మ కూర్చునేది. సముద్రం ఒడ్డున కోనాడ నుంచి వచ్చి మా దగ్గర స్థిరపడి ఎండుచేపలు అమ్మిన మనిషి. మూత్రపిండాలు పాడై మూడేళ్ళుగా విజయనగరం ఆసుపత్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒకరి సాయం పట్టేది కాదు. మా ఆవిడ రెండు నిమ్మకాయలు ఇస్తే సాయంత్రానికి గుప్పెడు ఎండు నెత్తళ్ళు తెచ్చి పడేసింది.

"ఆడెలాగూ ఇనపముక్కలకి ఎల్తన్నాడు కదా, ఖాళీ సీటుంది, కూసుంటన్నాను. నాకోసం ఎల్తన్నాడేటి?" అనేది.

ఈ ఏడు ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు కబురు తెచ్చారు. టౌను బయట ఒక వెంచరుంది. పెద్ద ఆర్చి, అరవై అడుగుల రోడ్డు, వరసగా ప్లాట్ల రాళ్ళు, ఒక్క ఇల్లూ లేదు. యజమానిని బతిమాలి రెండు నెలల తరవాత ఒక్క ఆదివారానికి పావుమైలు పందేనికి ఒప్పించారట. తరవాత ఇళ్ళు లేస్తాయి, ఇంక కుదరదు.

లక్ష్ముడికి అరవై తొమ్మిది. ధనరాజూ నేనూ ఆయన్ని అరుగు మీద చుట్టుముట్టాం. పొద్దున్న మొదలైన వాదన భోజనాల వేళకి తేలింది. ఉన్న ఇంజన్లోనే సిలిండర్లకి కొంచెం బోరు కొట్టించి, కంప్రెషన్ కాస్తే పెంచి, వణకని క్యామ్ వేసి, మంచి కార్బొరేటరు ఒక్కటి. రోజూ తిరిగే బండికి అంతకన్నా తగినది లేదు.

"ఖాయం" అన్నాడు లక్ష్ముడు.

దేముడమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "మళ్ళీ అను!"

"ఖాయమేనే."

ఇంజను తయారవగానే కొబ్బరికాయ కొడతానని ఆవిడ పైడితల్లమ్మకి మొక్కేసుకుని, కాయ తెచ్చి దేవుడి గూట్లో పెట్టింది. ధనరాజ్ వీధంతా జిలేబి పంచాడు.

జిలేబి గున్నమ్మకీ అందింది. మర్నాడు పొద్దున్నే వచ్చి నిలబడింది. నేను అక్కడే పేపరు చదువుతున్నాను.

"ఒరే లక్ష్ముడా, ఇంజను కుదిరిందంట కదా. మంచిది. నీకింక టౌన్లో పనేటుంది? మంగళారం నుంచి నాను ఆటోలో ఎల్లిపోతాను."

లక్ష్ముడు తెరిచి ఉన్న బానెట్ దించేశాడు. తరవాత గట్టిగా నవ్వాడు.

"కుదిరిందని ఎవులు సెప్పారప్పా? ఆ ధనరాజుగాడికి తొందరెక్కువ. బోరు తేడాగా ఉన్నాది. మళ్ళీ మొదట్నుంచి ఎతకాల."

"మళ్ళీనా! నీకీ జన్మలో తెమల్దురా" అంటూ ఆమె తృప్తిగా వెళ్ళిపోయింది.

నేను పేపరు మడిచాను. "బోరు తేడా ఎక్కడుందయ్యా? దాన్నింకా విప్పనే లేదు కదా."

"విప్పితే బండి నెల్లాళ్ళు షెడ్లోనే ఉంటాది మేష్టారూ. గున్నమ్మప్ప ఎలాగెల్తాది? ఒకసారి ఆటోలో ఎల్లొచ్చి, దిగుతూనే కళ్ళు తిరిగి రోడ్డు మీద పడిపోనాది. నీకోసం ఎల్తన్నానంటే నా బండెక్కదు."

"అంటే ఈ తొమ్మిదేళ్ళూ..."

"అబద్ధమెందుకు, మొదటి ఆరేళ్ళూ నాకు నిజంగానే తెమల్లేదు. తరవాత మూడేళ్ళూ తెమలకుండా సూసుకున్నాను." చెయ్యి బనియనుకి తుడుచుకున్నాడు. "ఎవులికీ సెప్పకండి. ముఖ్యంగా మా ఆవిడకి. కొబ్బరికాయ మొక్కేసుకున్నాది."

ఆ ఆదివారం వచ్చాక గున్నమ్మతో సహా అందరం పందెం చూడ్డానికి వెళ్ళాం. లక్ష్ముడు తాడు పట్టుకుని నిలబడ్డాడు. కార్లు జంటలు జంటలుగా గర్జించి వెళ్ళిపోతుంటే, ఆయన కళ్ళు ప్రతిదాని వెంటా పావుమైలు వెళ్ళి, మళ్ళీ మొదటి గీత దగ్గరికి వచ్చేవి. ఒక ఎర్ర కారు ముందు చక్రాలు జానెడు లేచాయి. "లెగిసాయి మేష్టారూ!" అని నా భుజం పట్టుకున్నాడు. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

చివర్లో ఒక కుర్రాడు వచ్చాడు. "తాతగారూ, బయట పెట్టిన కాంటెస్సా మీదేనా? ఒకసారి కొట్టండి."

"అది పాత ఇంజను బాబూ."

"అయితేనేటండీ? రోడ్డు కొత్తదే కదా."

లక్ష్ముడు బండిని గీత మీద పెట్టాడు. హెల్మెట్ కుర్రాళ్ళే ఇచ్చారు. జెండా పడింది. కాంటెస్సా కాస్త ఆలోచించుకుని, పెళ్ళివారి బస్సులా బయల్దేరింది. దాని మూతి లేవలేదు గానీ మా అందరి మడమలూ లేచాయి. ఇరవై మూడు సెకన్లు. ఆ రోజుకి అందరికన్నా ఆఖరు.

అటు చివర బండి చాలాసేపు ఆగిపోయింది. ఏమైందోనని దేముడమ్మ కంగారుపడింది. ఏమీ కాలేదు. తిరిగి రానక్కర్లేని పందెం కదా, అందుకే రాలేదనుకున్నాను.

వచ్చాక హెల్మెట్ తీశాడు. ముఖమంతా చెమట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరూ ఏమీ అనకముందే గున్నమ్మ ముందుకొచ్చింది.

"ఇదేటి బండిరా? ఆ ఎర్రది ఎగిరింది, నీది పాకింది. ఈ ఇంజను పనికిరాదు. ఇంకా బాగా ఎతకాల."

"ఎతుకుతాను అప్పా."

"తొందరపడి ఏదో ఒకటి ఖాయం సేసెయ్యకు. నాను ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఎతుకు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె లక్ష్ముడి వైపు చూడలేదు. చీర కొంగుతో కారు అద్దం మీది దుమ్ము తుడుస్తోంది, డ్రైవరు వైపు మాత్రమే.

దేముడమ్మ ఒకసారి ఆమెనీ, ఒకసారి మొగుడినీ చూసింది.

"ఇంక ఆ కొబ్బరికాయ పచ్చడి సేసేస్తాను" అంది.