ఐలన్న రాత, గేటు కెమెరా

పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో ఐలన్న ఇరవై ఆరేళ్లు బండ్ల మీద నంబర్లు రాశాడు. ఒక పక్క టైర్ల దుకాణం, ఇంకో పక్క బ్యాటరీల దుకాణం, మధ్యలో రేకు కప్పు కింద ఆయన బల్ల. పైన బోర్డు లేదు. అందరి పేర్లూ నంబర్లూ రాసినవాడు తన పేరు మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

ఊరు కంది. చదువు నాలుగో తరగతిలో ఆగింది. పటేల్‌గూడ దగ్గరి పెద్ద ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా చేరి, మిషన్లు సర్దిన చెక్కపెట్టెల మీద రేకు అచ్చు పెట్టి అక్షరాలు దిద్దేవాడు. ఒకరోజు అచ్చు విరిగితే ఆగకుండా చేత్తోనే రాసుకుంటూ పోయాడు. సూపర్‌వైజర్ వచ్చి చూసి ఏది అచ్చు, ఏది చేయి అన్నది పోల్చుకోలేకపోయాడు. 1982లో కాంట్రాక్టు పోయింది. ఆ నెలలోనే ఐలన్న బల్ల వేసుకున్నాడు.

ఆయన రాత దూరం నుంచే తెలిసేది. మూడు రాస్తే పై గీత అడ్డంగా ఉండేది, కింది కొస లోపలికి మెలి తిరిగి చిన్న చుక్కతో ఆగేది. రేడియం స్టిక్కర్లు వచ్చాక మోటారు సైకిళ్ల వాళ్లు అటు పోయారు. లారీలు, డీసీఎం వ్యాన్లు, ట్యాంకర్ల వాళ్లు మాత్రం ఐలన్ననే పట్టుకున్నారు. కంపెనీల దుమ్ముకూ యాసిడ్ ఆవిరికీ స్టిక్కరు ఏడాదిలో లేచిపోయేది. ఐలన్న ఎనామిల్ పెయింటు బండి అమ్ముడుపోయేదాకా ఉండేది.

2008 ఎండాకాలంలో కొత్త రోడ్డు మీద టోల్ గేటు లేచింది. రోడ్డు వేసిన కంపెనీ వాళ్లు అద్దానికి అంటించుకోమని ఒక బిళ్ల ఇచ్చారు. బిళ్ల ఉన్న బండి ఆగక్కర్లేదు, డబ్బు దానంతటదే కోసుకుంటుంది. పైన స్తంభానికి కెమెరాలు. వచ్చిన ప్రతి బండి నంబరునూ అవే చదివి కంప్యూటర్లో రాసుకుంటాయి.

మొదటి వారం నుంచే డ్రైవర్లకు ఆ గేటు పడలేదు. ఐలన్న బల్ల దగ్గర చాయ్ తాగుతూ తిట్టేవాళ్లు. ఒకడికి ఒక్కసారి దాటితే రెండుసార్లు డబ్బు కోసింది. ఇంకొకడి బండి షెడ్డులో ఇంజను విప్పి పడుంటే, గేటు దాటినట్టు ఫోనుకు మెసేజ్ వచ్చింది. అడగడానికి పోతే కిటికీలో మనిషి లేడు, హైదరాబాదు నంబరుకు ఫోన్ చేయమన్నారు. ఆ నంబరు ఎత్తేవాళ్లు లేరు.

అందరికంటే ఎక్కువ మండిపడ్డవాడు బాలప్ప. పటేల్‌గూడ మనిషి. సంగారెడ్డి మార్కెట్లో రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం నడిపే రాజేశ్వర్ సేటు దగ్గర డీసీఎం నడిపేవాడు.

"పైసలు పోతే పోనీ ఐలన్నా. మా సేటు ఆ కంప్యూటర్ కాయితం తెప్పించుకుంటుండు. పది ఇరవైకి గేటు దాటినవ్, పదకొండున్నరకు మార్కెట్‌కొచ్చినవ్, నడుమ ఏడికి పోయినవ్ అని అడుగుతుండు. చెట్టుకింద రొట్టె తిన్న సేటూ అంటే నమ్ముతలేడు. పదేండ్లసంది నన్ను నమ్మినోడు, గిప్పుడు గా డబ్బానే నమ్ముతుండు."

"మనిషిని సూసేది పోయి, నంబర్ సూసే కాలమొచ్చింది," అన్నాడు ఐలన్న.

ఆగస్టులో ఒక బుధవారం ఉదయం గేటు దగ్గర రోడ్డు ఊడ్చే ముత్యమ్మను ఒక వ్యాను గుద్ది ఆగకుండా పోయింది. యాభై ఏళ్ల మనిషి. తుంటి దగ్గర ఎముక విరిగింది. వెనక నుంచి గుద్దడంతో ఆమె ఏమీ చూడలేదు. లైన్లో ఉన్నవాళ్లు పసుపు రంగు డీసీఎం అన్నారు. ఆ రోడ్డు మీద పసుపు డీసీఎంలు రోజుకు నాలుగు వందలు తిరుగుతాయి. గేటు మేనేజర్ కంప్యూటర్ చూసి నంబరు తీసి పోలీసులకు ఇచ్చాడు. ఏపీ 23 డబ్ల్యూ 3817. బాలప్ప బండి.

ఆ పొద్దు లోడు లేక బాలప్ప బండి ఇంటి ముందరే ఉంది. ఆయన భార్య సోమమ్మ ఆ మాటే చెప్పింది. భార్య చెప్పే సాక్ష్యం ఎవరు వింటారు? బాలప్పను ఠాణాకు తీసుకుపోయారు, లైసెన్సు లాక్కున్నారు. రాజేశ్వర్ సేటు ఆ సాయంత్రమే వ్యాను తాళం వెనక్కి తీసుకుని ఇంకొక డ్రైవరును పెట్టుకున్నాడు.

మర్నాడు సోమమ్మ ఐలన్న బల్ల దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. కోపంతో వచ్చింది.

"గా గుద్దినోని నంబర్ గూడ నువ్వు రాసిందే అయితది కద అన్నా! నువ్వు సక్కగ రాస్తే గా కెమెరా ఎందుకు తప్పు సదువుతది? అందరు గదే అంటున్నరు."

ఐలన్న చేతిలోని బ్రష్షు కింద పెట్టాడు. ఇన్నేళ్లలో తన రాత బాగాలేదని అన్న మనిషి లేడు. ఆ మాట గుచ్చుకుంది. అంతకంటే ఎక్కువగా, ఆమె చెప్పింది నిజమేమో అన్న భయం గుచ్చుకుంది. అదే పూట గేటు దగ్గరికి పోయాడు.

"ఫోటో సూపియ్యుండ్రి సార్. నా రాతో కాదో చెప్తా."

మేనేజర్ తల ఎత్తలేదు. "నువ్వెవరు? బండి నీదా?"

"ప్లేటు రాసినోన్ని."

"జా జా. కంప్యూటర్ ఝూట్ నహీ బోల్తా." కంప్యూటర్ అబద్ధం చెప్పదట, పొమ్మన్నాడు.

నాలుగు రోజులు పోయాడు. ఒకరోజు లోపలికి రానివ్వలేదు. ఒకరోజు ఎండలో కూచోబెట్టి, సాయంత్రం ఆఫీసు మూసుకుని వెళ్లిపోయారు. చివరికి ఫోటో బయటికి వచ్చింది రాజేశ్వర్ సేటు చేతుల మీదుగా. బాలప్ప మీద జాలితో కాదు. కేసు తన బండి మీద పడుతుందన్న బెంగతో సేటు ఠాణాలో కాగితాలు అడిగి తెచ్చుకున్నాడు. ఐలన్న మార్కెట్‌కు పోయి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

ప్లేటు తప్ప ఇంకేమీ కనపడని ఫోటో. బురద చిమ్మి ఉంది. ఐలన్న రెండు నిమిషాలు చూశాడు.

"ఇది నాది కాదు సేటూ. ఇది రేడియం. ఈ డబ్ల్యూ కొసలు సూడు, కత్తితోని కోసినట్టున్నయి. నేను గుండ్రంగ తిప్పుత. నాలుగంకెలల్ల మొదటిది మూడు గూడ కాదు. ఎనిమిది. ఎడమ పక్క బురద పడ్డది, గంతే."

సేటు తన వ్యాను ప్లేటు పక్కన ఫోటో పెట్టి చూశాడు. అందులో తేడా చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. "నిజమే," అన్నాడు. కానీ ఠాణాకు వచ్చి ఆ మాట చెప్పమంటే మొహం తిప్పుకున్నాడు. "నాకెందుకు లొల్లి ఐలన్నా? గేటు మీదికెల్లి రోజూ పోవాలె నా బండ్లు."

ఐలన్న ఒక్కడే ఫోటో పట్టుకుని మేనేజర్ దగ్గరికి పోయాడు. గుద్దిన తరువాత ప్లేటు మార్చి ఉంటారని మేనేజర్ కొట్టిపారేశాడు. ఐలన్నకు అప్పుడు అర్థమైంది. వీళ్లకు తప్పు చూపిస్తే చాలదు, వాళ్ల కళ్ల ముందే ఆ మిషన్‌తో తప్పు చేయించాలి.

ఆ సంగతి భార్యతో చెప్పాడు. శివమ్మ రొట్టె కొడుతూ విన్నది.

"నీ ప్లేట్లు సదువరాదని గేటు కాడ నువ్వే రుజువు చేస్తవా? రేపు ఆళ్లేమంటరో తెల్వదా? నీ రాతనే బంద్ వెట్టుమంటరు."

"అంటరు."

"అన్నంక మనమేం తినాలె?"

"నేను గిది చేయకుంటే బాలప్ప జైలుకు పోతడు. అదిగూడ నా చేతి మీదికే వస్తది."

ఆ రోజు శివమ్మ ఆయనకు అన్నం వడ్డించలేదు. తానే పెట్టుకుని తిన్నాడు.

సోమవారం పది గంటలకు ముప్పై రెండు బండ్లు గేటు ముందు నిలబడి ఇంజన్లు ఆపేశాయి. ఐలన్న కేక వేయలేదు, బండి బండి దగ్గరికీ పోయి చెప్పాడంతే. ఇన్నాళ్ల కోపం అందరి దగ్గరా ఉంది. వెనక రెండు కిలోమీటర్లు లైను కట్టింది. కంపెనీల షిఫ్టు బస్సులు చిక్కుకున్నాయి. మేనేజర్ గేటు మీదికి ఎక్కి కేసులు పెడతానని అరిచాడు. డ్రైవర్లు అంతకు పది రెట్లు అరిచారు.

ఎస్సై వచ్చాడు. ఎండకు చెమటలు కక్కుతూ, "ఏం గావాలె మీకు?" అన్నాడు.

"ఏం వద్దు సార్," అన్నాడు ఐలన్న. "ఒక్కొక్క బండి కెమెరా కిందికెల్లి పోతది. కంప్యూటర్ ఏం సదివిందో మేనేజర్ సార్ బయటికి చెప్పాలె. గంతే. పది బండ్లు."

మేనేజర్ కుదరదన్నాడు. ఎస్సైకి రోడ్డు ఖాళీ కావడమే ముఖ్యం. "చదువవయ్యా, జల్దీ," అన్నాడు.

బండ్లు కదిలాయి. లోపల కంప్యూటర్ దగ్గరి గుమస్తా తెర చూసి గట్టిగా చదివాడు. మొదటి మూడూ సరిగ్గానే వచ్చాయి. డ్రైవర్ల గొంతులు తగ్గాయి. నాలుగోది యాసిడ్ ట్యాంకరు. దాని నంబరులోని మూడును ఎనిమిదిగా చదివింది. ఐలన్న మెలి తిప్పిన కొసే దాన్ని తప్పుదోవ పట్టించింది. ఆరోదానిలో ఎనిమిదిని మూడు అన్నది. తొమ్మిదో బండి ప్లేటు ఐలన్నది కాదు, కొత్త రేడియం ప్లేటు, కాస్త దుమ్ము పట్టి ఉంది. దాని ఎనిమిదిని కూడా మూడనే చదివింది. డ్రైవర్లు ఈలలు వేశారు. పది అయ్యాయి, అయినా ఎస్సై ఇంకొక్కటి రమ్మన్నాడు. అదీ తప్పే వచ్చింది.

పదకొండులో నాలుగు.

ఎస్సై మేనేజర్ వైపు తిరిగి, "దీన్ని పట్టుకుని నాతో మనిషిని లోపల వేయించినవా?" అన్నాడు. సాయంత్రానికి బాలప్ప ఇంటికి వచ్చాడు. లైసెన్సు వారానికి చేతికి వచ్చింది. సేటు పనికి రమ్మని కబురు పంపితే పోలేదు. ఇస్నాపూర్‌లో వేరే బండి ఎక్కాడు.

శివమ్మ చెప్పినట్టే అయింది. పదిహేను రోజులకు గేటు దగ్గర బోర్డు పెట్టారు. చేత్తో రాసిన ప్లేట్లు చెల్లవు, నెలలోపు కంపెనీ చూపించిన అచ్చు ప్లేట్లు బిగించుకోవాలి, లేకపోతే ఆపేస్తాం. తొమ్మిదో బండి రేడియం ప్లేటు సంగతి బోర్డులో లేదు. ఆ రోజు గేటు ముందు ఈలలు వేసినవాళ్లలో కొందరు ఐలన్న బల్ల దగ్గరికి వచ్చి మొహం మీదే అన్నారు.

"నీ లొల్లికి మా నెత్తి మీద కొత్త ప్లేట్ల ఖర్చు పడ్డది."

ఒకడు పోతూ పోతూ పెయింటు డబ్బా తన్నాడు. పసుపు రంగు సందంతా పారింది. ఆయన కూచుని, అది ఆరేలోపు గోనెసంచితో తుడిచాడు.

అచ్చు ప్లేట్లు అమ్మే ఏజెన్సీ ఇప్పిస్తానని బ్యాటరీల దుకాణం వాడు చెప్పాడు. ఐలన్న వద్దన్నాడు. ఆ కెమెరాకు నచ్చేట్టు ఒక్క అంకె కూడా అమ్మనన్నాడు.

నెలాఖరుకు ముత్యమ్మను చూడటానికి పోయాడు. గేటుకు అవతల గుడిసెలో మంచం మీద ఉంది. కాలికి ఇటుక కట్టి వేలాడదీశారు. ఇన్ని రోజులు నంబరు గురించి కొట్లాడినవాళ్లలో ఆమె దగ్గరికి వచ్చిన మొదటి మనిషి ఆయనే.

"బాలప్ప కాదని తేలిందట గద. మరి నన్ను గుద్దినోడెవడు?" అన్నది.

"ఎతుకుతలేరు అక్కా."

"ఎందుకు ఎతుకరు? గంత పెద్ద కెమెరా ఉన్నది గద."

ఐలన్న బయటికి వచ్చి బాలప్ప దగ్గరికి పోయాడు. 8817 అన్న నంబరు చెప్పాడు. బాలప్ప రుద్రారం నుంచి బొల్లారం దాకా చాయ్ హోటళ్లలో, బండ్లు తూచే కాంటాల దగ్గర, పంచరు షాపుల్లో ఆ మాట వేశాడు. ఐలన్న మీద అలిగినవాళ్లు కూడా ఈ పనికి మాత్రం కళ్లు పెట్టారు. మూడో రోజు పొద్దున ఒక ట్యాంకరు డ్రైవరు కబురు తెచ్చాడు. కంకర కాంట్రాక్టరు దగ్గర ఉంది ఆ వ్యాను, ముందు బంపరు కొత్తగా మార్చారు. ఆ కాంట్రాక్టరు కంకర పోసేది గేటు ఉన్న ఆ కొత్త రోడ్డుకే.

ఎస్సై దగ్గరికి పోతే ఫైలు పక్కన పెట్టామన్నాడు. ఐలన్న బాలప్పనూ ఇంకో ఇరవై మందినీ వెంటబెట్టుకుని కాంట్రాక్టరు యార్డుకు పోయాడు. రెండు గంటలు నిలబడ్డారు. కంకర బండి ఒక్కటీ బయటికి పోనివ్వలేదు. కాంట్రాక్టరు ముందు తిట్టాడు, తరువాత బెదిరించాడు, ఆఖరికి ఆసుపత్రి ఖర్చంతా పెట్టుకుంటానని ఒప్పుకున్నాడు. ముత్యమ్మకు సంగారెడ్డిలో ఆపరేషన్ అయింది. నడక వచ్చింది కానీ కుంటు పోలేదు. ఊడ్చే పనికి మళ్లీ పోలేకపోయింది. కేసు మాత్రం ఎవరి మీదా నడవలేదు.

ఐలన్న బల్ల దసరా లోపే లేచిపోయింది. పాశమైలారంలో యాసిడ్ ట్యాంకర్ల మీద, డ్రమ్ముల మీద ప్రమాదం గుర్తులు రాసే పని దొరికింది. మనుషులు చదివే రాత కాబట్టి దానికి పోతున్నానని శివమ్మతో అన్నాడు. ఆమె పొద్దున్నే లేచి సద్ది కట్టి ఇచ్చింది.

ఆ గేటు మీద కోపం మాత్రం చల్లారలేదు. కందికి పోవాల్సి వస్తే బస్సును గేటుకు ఇవతలే ఆపించి దిగేవాడు. కెమెరా స్తంభాల కింది నుంచి కాకుండా, పక్క పొలం గట్టు మీదుగా నడిచి అవతల మళ్లీ ఎక్కేవాడు. కొత్త కండక్టర్లు విసుక్కునేవాళ్లు. పాతవాళ్లు గేటు దాటాక బస్సు నిలిపి, ఆయన వచ్చేదాకా ఆగేవాళ్లు.