నీళ్ల బిళ్ళ వేసుకుని చల్లపల్లి దాకా

బీపీకి డాక్టరుగారు కొత్త బిళ్ళ రాసి అప్పటికి వారమైంది. ఒంట్లో నీరు లాగేసే రకం. "పొద్దున్నే వేసుకోండి, ఒక్క రోజు కూడా మానొద్దు" అని మరీ మరీ చెప్పారు. వేసుకున్న దగ్గర్నుంచి పదకొండింటి దాకా బాత్రూం చుట్టూ తిరగడమే సరిపోయేది. బడిలో పాఠం మధ్యలో సుద్దముక్క బల్లమీద పడేసి పరిగెత్తేదాన్ని. గబుక్కున లేస్తే కళ్లు తిరిగేవి. సరిగ్గా ఆ రోజుల్లోనే చల్లపల్లిలో ఉన్న మా మార్తక్కను చూడటానికి బస్సెక్కాల్సి వచ్చింది.

అక్కదీ ఇదే బిళ్ళ. బస్సులో ఇబ్బందని ప్రయాణం ఉన్నప్పుడల్లా మానేసేది. ఆ మధ్య ఒక పెళ్లికి వెళ్లొస్తూ సీట్లోనే ఒరిగిపోయింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. మానేసినందువల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేదు గానీ నాకు మాత్రం ఆ భయం పట్టుకుంది. అందుకే శనివారం పొద్దున బిళ్ళ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, చివరికి రెండంటే రెండు గుక్కల నీళ్లతో మింగేశాను.

ఏడున్నరకి విజయవాడ బస్టాండు చేరి, అక్కడి బాత్రూంకి రెండుసార్లు వెళ్లొచ్చి, చల్లపల్లి మీదుగా వెళ్లే అవనిగడ్డ బస్సెక్కాను. పక్క సీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ, పేరు జరీనా అన్నారు. కూచిపూడిలో కూతురింటికి వెళ్తున్నారట. జంతికలు పెట్టారు. ఉప్పు తినకూడదన్నాను.

"బీపీయా అమ్మా? నాకూ ఉంది. నీళ్ల బిళ్ళ ఇచ్చారు. ప్రయాణం రోజు మాత్రం వేసుకోను" అన్నారావిడ, అదేదో తెలివైన పని అన్నట్టు.

కంకిపాడు దాటేసరికి పొత్తికడుపు బరువెక్కింది. ఉయ్యూరులో దిగుదామని లేవబోతే కండక్టరు, "రెండు నిమిషాలేనండీ, మళ్లీ బస్సు అందదు" అన్నాడు. ఎందుకని నోరు తెరిచి చెప్పలేక కూర్చుండిపోయాను.

ఊరు దాటి కాస్త దూరం పోయామో లేదో, చెరకు ట్రాక్టరు ట్రక్కు రోడ్డుకి అడ్డంగా ఒరిగిపోయి ఉంది. ముందు బళ్లు, వెనక బళ్లు. అప్పటికి తొమ్మిదవుతోంది. మగవాళ్లంతా దిగి కాలవగట్టు మీద వరసగా నిలబడి పని కానిచ్చుకున్నారు. తీరిగ్గా సిగరెట్లు వెలిగించుకున్నారు. ఆడవాళ్లం కిటికీల్లోంచి చెరకుతోటలు చూస్తూ కూర్చున్నాం. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంక అరగంట ఇలాగే అయితే సీటు తడిసేటట్టుంది. రేపట్నుంచి నేనూ బిళ్ళ మానేస్తాను, పీడా పోతుంది, అనుకున్నాను. ఆ వెంటనే అక్క చెయ్యి గుర్తొచ్చి చెమటలు పట్టాయి.

ఆపుకోలేక జరీనాగారికి అంతా చెప్పేశాను, అక్క సంగతితో సహా. ఆవిడ జంతికల పొట్లం సంచిలో పెట్టేసి, "లేవమ్మా, మెల్లగా లే" అని చెయ్యి పట్టుకున్నారు.

రోడ్డు పక్కనే పచ్చతలుపుల ఇల్లుంది. ఇంటావిడ బియ్యం ఏరుకుంటోంది. "అయ్యో, దానికి అడగాలా? పెరట్లో ఉంది, వెళ్లండి" అంది. నేను బయటికి వచ్చి చూసేసరికి జరీనాగారి వెనక ఇంకో ఐదారుగురు నిలబడి ఉన్నారు. అందరూ మా బస్సు ఆడవాళ్లే. ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

ఇంతలో ట్రక్కు పక్కకి జరిపారు, మా బస్సు హారన్ మొదలుపెట్టింది. లోపల ఇంకా ఇద్దరున్నారు. కండక్టరు ఫుట్‌బోర్డు మీంచి కేకలేస్తుంటే జరీనాగారు వెళ్లి బస్సు ముందు నిలబడ్డారు.

"మీవాళ్లు సిగరెట్లు కాల్చుకునేదాకా ఆగలేదా బాబూ? ఆడవాళ్లు వస్తారు, ఆగు."

ఆగాడు. బస్సు కదిలాక ఆవిడ సంచిలోంచి బిళ్ళ తీసి, నా సీసాలో నీళ్లు అడిగి వేసుకున్నారు. "కూచిపూడి ఎంతో దూరం లేదులే" అన్నారు, నాకు చెబుతున్నట్టే.

పదిన్నర దాటాక చల్లపల్లి చేరాను. వాకిట్లో అక్క నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "బి...ళ్ళ?"

"వేసుకున్నానక్కా" అన్నాను. ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున కూడా బిళ్ళ వేసుకునే తిరుగు ప్రయాణమయ్యాను. బావగారు పట్టుకుని నడిపిస్తే అక్క రోడ్డుదాకా వచ్చి, ఎడంచేత్తో మంచినీళ్ల గ్లాసు అందించింది. "బస్సెక్కబోతూ అన్ని నీళ్లేమిటి?" అన్నారు బావగారు. అక్క ఆయన వంక కోపంగా చూసింది. నేను గ్లాసు ఖాళీ చేసి ఇచ్చాను. బస్సు కదిలాక చూస్తే, అక్క ఆ ఖాళీ గ్లాసు తలకిందులు చేసి బావగారికి చూపిస్తోంది.

దారి మంచిదే. రెండు పక్కలా కాలవలు, చెరకు, ఎటు చూసినా నీళ్లే. నాలాంటివాళ్లు ఎవరైనా అటు వెళ్తే, ఉయ్యూరు దాటాక పచ్చతలుపుల ఇంటావిడ కాదనదు, మొహమాటపడకండి.

ఆ తిరుగు బస్సులో టికెట్టు కొడుతున్న కండక్టరుతో, "ఉయ్యూరు రాకముందే ఒకచోట బస్సు ఆపాలండీ, నేను బాత్రూంకి వెళ్లాలి" అన్నాను. ఈసారి గట్టిగానే అన్నాను, బస్సంతా వినేటట్టు.